పాయింటర్ దాగితేనే ప్రమాదం

గూడూరులోని ఆదిశంకర, నారాయణ ఇంజినీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్సు తీసుకున్న విద్యార్థులు మొదటి ఏడాది సీ భాష నేర్చుకుంటారు, రెండో ఏడాది జావాలోకి వెళతారు. జేఎన్‌టీయూ అనంతపురం పాఠ్యప్రణాళికది చాలాకాలంగా ఇదే వరస. సీ క్లాసులో మెమరీ మొత్తం విద్యార్థి పూచీ. మాలక్‌తో తీసుకున్నది ఫ్రీతో తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే లీకు, రెండుసార్లు ఇస్తే క్రాష్. జావాకు వచ్చేసరికి ఆ పూచీ అంతా గార్బేజ్ కలెక్టర్, అంటే అందరూ అనే జీసీ, తన నెత్తిన వేసుకుంటుంది. పాయింటర్ అన్న మాట కూడా పెద్దగా వినపడదు. రెండు పాఠాలూ వేటికవి సరైనవే. కానీ ఉద్యోగంలో చేరాక ఎదురయ్యే ప్రోగ్రాముల్లో ఈ రెండు లోకాలూ ఒకే ప్రాసెస్‌లో కాపురం చేస్తుంటాయి. ఆండ్రాయిడ్ యాప్‌లో పైన కోట్లిన్ ఉంటుంది, అడుగున సీ ప్లస్ ప్లస్ ఉంటుంది. పైథాన్‌లో రెండు వరుసల నమ్‌పై రాస్తే లెక్కంతా సీ చేసి పెడుతుంది. అలాంటి చోట మెమరీ బతుకూ చావూ జీసీ చేతిలో ఉన్నప్పుడు, దాని అడ్రస్‌ను ప్రోగ్రామ్ ఎంతవరకు నమ్మి పట్టుకోవచ్చు? అరవై ఏళ్లకు పైగా ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు వచ్చాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తోంది. పాయింటర్ ఉన్నందువల్ల ప్రమాదం రాదు, అది ఉన్నట్టు జీసీకి తెలియనందువల్ల వస్తుంది. ఆ తెలియజెప్పే పనిని ప్రోగ్రామర్ జాగ్రత్తకు వదిలేసిన వ్యవస్థలు దెబ్బతిన్నాయి. కంపైలర్‌కో, తనిఖీ చేసే పనిముట్టుకో అప్పజెప్పినవి నిలదొక్కుకున్నాయి.

మొదలు ఎక్కడో చూద్దాం. లిస్ప్ భాష కోసం జాన్ మెకార్తీ 1960లో ప్రచురించిన పత్రంలోనే గార్బేజ్ కలెక్షన్ పద్ధతి వర్ణన ఉంది. ఈ మెకార్తీ దగ్గరే స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ పొందిన రాజ్ రెడ్డిది, గూడూరు జంక్షన్ నుంచి రేణిగుంట వైపు చీలే రైలు మార్గంలో వచ్చే శ్రీకాళహస్తికి దగ్గర్లోని కాటూరు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఆయన కృషి కృత్రిమ మేధలో, మాటను గుర్తించే యంత్రాల్లో. మెమరీ నిర్వహణలో కాదు. అయినా ఈ ప్రాంతపు విద్యార్థులకు ఈ చరిత్ర మరీ దూరపుదేమీ కాదని చెప్పడానికి ఈ ముక్క చాలు. మెకార్తీ ఊహ చాలా తేలికైనది. ప్రోగ్రామ్ చేతిలో ప్రస్తుతం ఉన్న చరరాశులు, అంటే రూట్లు, దగ్గర మొదలుపెట్టి ఒక్కో పాయింటర్‌నూ పట్టుకుని పోతే ఎంతవరకు చేరగలమో అదంతా వాడుకలో ఉన్నట్టు లెక్క. చేరలేనిది ఖాళీ చేయవచ్చు. ఇందులో ఒక షరతు దాగి ఉంది: పాయింటర్లన్నీ జీసీ కంటికి ఆనాలి. 1970లో చీనీ ఇచ్చిన పద్ధతిలోనూ, 1984లో డేవిడ్ అంగర్ తరాలవారీ పద్ధతిలోనూ జీసీ బతికున్న వస్తువులను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించి, ఖాళీలు లేకుండా సర్దుతుంది. అప్పుడు రెండో షరతు వచ్చి చేరింది: కనిపించిన ప్రతి పాయింటర్‌నూ జీసీ తిరగరాయగలగాలి. తిరగరాయని పాయింటర్‌తో పని చేయడమంటే ఇల్లు మారిన మనిషికి పాత డోర్ నంబరుకే మనియార్డరు పంపడం. డబ్బు కొత్తగా దిగినవాళ్ల చేతికి పోతుంది.

ఒక చిన్న ఉదాహరణను దగ్గరగా చూస్తే ఈ రెండు షరతులూ ఎంత గట్టివో తెలుస్తుంది. మెమరీలో "గూడూరు నిమ్మ" అన్న పదాలు ఉన్నాయనుకుందాం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. గూడూరులో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. తర్వాత ఖాళీకి ఒక బైటు. కాబట్టి 'నిమ్మ' అన్న పదం 19 బైట్ల అవతల మొదలవుతుంది. మొత్తం మాట 5000 అన్న అడ్రస్‌లో ఉంటే, నిమ్మకు పాయింటర్ 5019. ఇప్పుడు ప్రోగ్రామ్ మొదటి అడ్రస్‌ను వదిలేసి 5019ని మాత్రమే ఉంచుకుంటే? వస్తువుల మొదళ్లను మాత్రమే గుర్తించే జీసీకి ఈ 5019 దేనికీ చెందని అంకె. అది మొత్తం మాటనే ఊడ్చేస్తుంది. వస్తువు మధ్యలోకి చూపే పాయింటర్లను కూడా గుర్తించే జీసీ అయితే మాట బతుకుతుంది, కానీ 15 బైట్ల నిమ్మ కోసం 34 బైట్లూ మిగిలిపోతాయి. 34 బైట్లయితే ఎవరికీ పట్టదు. అదే ఒక పెద్ద ఫైలంతా చదివి అందులోంచి ఒక్క పదం దాచుకుంటే, ఆ పదం కోసం ఫైలంతా మెమరీలో కూర్చుంటుంది. జావాలో సబ్‌స్ట్రింగ్ చాలాకాలం ఇలాగే పనిచేసి ఎన్నో సర్వర్ల మెమరీ తినేసింది. 2012లో జావా 7కు వచ్చిన ఒక సవరణతో ముక్కను విడిగా కాపీ చేయడం మొదలైంది. గో భాషలో స్లైస్‌లకు ఈ గుణం ఇప్పటికీ ఉంది. ఇక 5019ని పాయింటర్ రకంలో కాకుండా మామూలు పూర్ణాంకంగా రాసిపెట్టుకుంటే, జీసీకి అది ఒక వయసో, ఒక ధరో. దాని కోసం ఏ వస్తువునూ కాపాడదు, తరలించినప్పుడు దాన్ని మార్చదు. గో భాష జీసీ హీప్‌లోని వస్తువులను కదపదు కాబట్టి అక్కడ ఇది ఫరవాలేదని కొందరు అనుకుంటారు. పొరపాటు. గో స్టాకులు చిన్నవిగా మొదలై, చాలనప్పుడు రన్‌టైమ్ వాటిని పెద్ద చోటుకు కాపీ చేస్తుంది. స్టాకు మీది చరరాశి అడ్రస్‌ను యూఇంట్‌పీటీఆర్ అనే పూర్ణాంక రకంలో దాచుకున్నవాడికి, ఒక మామూలు ఫంక్షన్ కాల్ తర్వాత ఆ అడ్రస్‌లో ఏముంటుందో చెప్పలేం.

పాయింటర్లను చూపించే బాధ్యత ప్రోగ్రామర్‌కు అసలు వద్దన్న జవాబు 1988లో హాన్స్ బోమ్, మార్క్ వైజర్‌ల నుంచి వచ్చింది. సీ కంపైలర్ ఏ సహకారమూ అందించదు. అయితే ఏం, పాయింటర్‌లా కనిపించే ప్రతి అంకెనూ పాయింటర్ అనే అనుకుందాం అన్నారు. స్టాకులో 5000 కనిపిస్తే, అది నిజంగా అడ్రసో, ఎవరి జీతమో అడగకుండా, 5000లో ఉన్న వస్తువును కాపాడతారు. పాత సీ ప్రోగ్రాములకు కూడా జీసీ తగిలించగలగడం సామాన్యమైన విజయం కాదు. ఇందుకు రెండు మూల్యాలు. అంకె నిజంగా పాయింటరో కాదో తెలియదు కాబట్టి దాన్ని తిరగరాయడం కుదరదు, అందుకని వస్తువును కదపడమూ కుదరదు. రెండోది, చనిపోవలసిన వస్తువు ఏదో అంకె పోలిక వల్ల బతికిపోవచ్చు. 32 బిట్ల యంత్రాల మీద ఇది నిజమైన బెడదే. 64 బిట్ల అడ్రస్‌లు వచ్చాక యాదృచ్ఛిక పోలికలు బాగా తగ్గాయి. అసలు చిక్కు మూడోది, దాన్ని బోమ్ తానే 1996లో విశ్లేషించాడు. ఒక ఫంక్షన్‌లో పీ అనే పాయింటర్ చివరిసారిగా పీ[ఐ-1000] అన్న రూపంలో వాడబడిందనుకోండి. తెలివైన కంపైలర్ ముందే పీలోంచి 1000 తీసేసి, ఆ ఫలితాన్ని అదే రిజిస్టర్‌లో పెట్టి, తర్వాత ఐ కలుపుతుంది. లెక్క సరిగ్గానే వస్తుంది. కానీ ఆ రెండు సూచనల మధ్య జీసీ లేచిందంటే, అసలు అడ్రస్ ఎక్కడా ఉండదు. ఉన్నది శ్రేణికి వెయ్యి మూలకాల వెనక, మరెవరి స్థలంలోకో చూపే అంకె. సోర్స్ కోడ్ మొత్తం నిబంధనల ప్రకారమే ఉంది, ప్రోగ్రామర్ ఏ తప్పూ చేయలేదు, అయినా బతికున్న శ్రేణి ఖాళీ అయిపోతుంది. ఇలాంటిది అరుదుగానే జరుగుతుంది, అందుకే పట్టుకోవడం మహా కష్టం. కంపైలర్‌కు తెలియకుండా జీసీని పెట్టుకుంటే ప్రోగ్రామర్ ఎంత శ్రద్ధగా ఉన్నా భద్రతకు హామీ లేదని ఈ ఒక్క ఉదాహరణే నిరూపిస్తుంది.

ఎక్కువ భాషలు ఎంచుకున్న దారి నియమాల పుస్తకం. జావా నుంచి సీలోకి దిగే జేఎన్ఐలో ప్రోగ్రామర్‌కు అడ్రస్ ఇవ్వరు, ఒక హ్యాండిల్ ఇస్తారు. కాల్ ముగిశాక కూడా అది కావాలంటే గ్లోబల్ రిఫరెన్స్‌గా మార్చుకోవాలి, పనయ్యాక వదిలేయాలి. ఓకామెల్‌కు సీలో కోడ్ రాసేవాళ్లు ఓకామెల్ విలువను పట్టుకున్న ప్రతి చరరాశినీ నిర్ణీత మాక్రోలతో నమోదు చేయాలి. డీ భాష పాయింటర్లనూ, జీసీనీ రెండింటినీ ఇచ్చి, పాయింటర్‌ను అంకెల్లో దాచవద్దు, రెండు పాయింటర్లను ఎక్సార్ చేసి ఒకే చోట కుదించవద్దు అంటూ నిషేధాల జాబితా ఇస్తుంది. ఈ నియమాలన్నీ సహేతుకమైనవే. మనుషులు వాటిని ఎల్లకాలం తప్పకుండా పాటించగలరా అన్నదే సందేహం. ఆపిల్ అనుభవం చూడండి. 2007లో మ్యాక్ కోసం ఆబ్జెక్టివ్-సీకి జీసీ తెచ్చింది. అదే భాషలో సీ పాయింటర్లూ యథాతథంగా ఉన్నాయి. ఒక డేటా వస్తువు నుంచి లోపలి బైట్ల అడ్రస్ తీసుకుని, ఆ తర్వాత వస్తువు పేరు ఎత్తకుండా బైట్లతోనే పని చేస్తే, వస్తువు వాడుకలో లేదని జీసీ తేల్చేసి, బైట్లు చదువుతుండగానే వాటిని ఖాళీ చేయవచ్చు. 2011లో ఆపిల్ వేరే దారి పట్టింది: రిఫరెన్స్‌ల లెక్కను కంపైలరే చొప్పించే ఏఆర్‌సీ. మరుసటి ఏడాదే జీసీని కాలం చెల్లినదిగా ప్రకటించింది. ఇది జీసీ ఓటమి అని చాలామంది రాశారు. నా ఉద్దేశంలో అది నియమాల పుస్తకం ఓటమి, కంపైలర్ గెలుపు. లోపలి పాయింటర్ ఇచ్చే ఫంక్షన్లకు ప్రత్యేక గుర్తు తగిలించి, వస్తువు ఆయుష్షు పొడిగించాలని కంపైలర్‌కే చెప్పే ఏర్పాటు ఏఆర్‌సీతో పాటే వచ్చింది.

ఈ వాదనకు నాకు తెలిసిన అతి బలమైన సాక్ష్యం మొజిల్లాది. ఫైర్‌ఫాక్స్ జావాస్క్రిప్ట్ ఇంజిన్ స్పైడర్‌మంకీ సీ ప్లస్ ప్లస్‌లో రాసింది. అది స్టాకును బోమ్ పద్ధతిలో, ఊహ మీద చదివేది. కొత్త వస్తువుల్లో చాలావరకు పుట్టిన కాసేపటికే చనిపోతాయి కాబట్టి తరాలవారీ జీసీ పెడితే బ్రౌజర్ వేగం పెరుగుతుంది. కానీ వస్తువులను కదపాలంటే ప్రతి పాయింటర్ ఎక్కడుందో కచ్చితంగా తెలియాలి. అందుకని లక్షల వరుసల కోడ్‌లో పాయింటర్లన్నిటినీ నమోదయ్యే రకాలుగా, అంటే రూటెడ్, హ్యాండిల్ అనే చుట్టల్లోకి మార్చారు. ఆ ఇంజినీర్లు జీసీ లోపలి గుట్టు తెలిసిన నిపుణులు. అయినా తమ కళ్లను తాము నమ్ముకోలేదు. కంపైలర్‌కు తగిలించిన ఒక విశ్లేషణ పనిముట్టును తయారు చేశారు. నమోదు కాని పాయింటర్ ఏదైనా, జీసీని లేపగల ఫంక్షన్ కాల్‌కు ముందు పుట్టి తర్వాత కూడా వాడుకలో ఉందా అని ప్రతి ఫంక్షన్‌లోనూ అది వెతుకుతుంది. ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచి, ఎన్ని మెట్ల కింద జీసీని లేపుతుందో మనిషి బుర్రలో పెట్టుకోలేడు, పనిముట్టు పెట్టుకుంటుంది. నిపుణులు చూసి సరే అన్న కోడ్‌లోనూ అది అపాయాలు చూపించింది. 2013లో కచ్చితమైన నమోదు పూర్తయింది, 2014 సెప్టెంబరులో ఫైర్‌ఫాక్స్ 32తో తరాలవారీ జీసీ జనంలోకి వచ్చింది. ఆ తనిఖీని కోడ్ మారినప్పుడల్లా నడిచే ఆటోమేటిక్ పరీక్షల్లో భాగం చేశారు.

రస్ట్ ఉండగా ఇదంతా ఎందుకన్న అభ్యంతరం ఇక్కడే వస్తుంది. జీసీ లేకుండానే, ఎవరు యజమాని, ఎవరు అరువు అన్నది కంపైలింగ్ సమయంలోనే తేల్చే భాష అది; 2015లో తొలి స్థిర వెర్షన్ వచ్చింది. దాని ప్రయోజనం అంకెల్లో కనిపిస్తోంది. తమ భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ తప్పులవల్లనేనని 2019లో మైక్రోసాఫ్ట్ చెప్పింది; తీవ్రమైన లోపాల్లో అంతే వాటా అని 2020లో క్రోమ్ బృందం చెప్పింది. కొత్త కోడ్‌ను రస్ట్, జావా, కోట్లిన్ వంటి సురక్షిత భాషల్లో రాయడం మొదలుపెట్టాక ఆండ్రాయిడ్‌లో అలాంటి లోపాల వాటా 2019లో 76 శాతం నుంచి 2024లో 24 శాతానికి దిగిందని గూగుల్ లెక్క. ఈ అంకెలను నేను గౌరవిస్తాను. అయితే వీటిలో జీసీ ఉన్న భాషల వాటా కూడా ఉంది. పైగా రస్ట్‌లోనే రాసిన సర్వో బ్రౌజర్ సంగతి చూడండి. అందులో వెబ్ పేజీ వస్తువులు స్పైడర్‌మంకీ జీసీ అధీనంలో ఉంటాయి. రస్ట్ యాజమాన్య నియమాలకు ఆ జీసీ సంగతి తెలియదు. అందుకని ఆ బృందం నమోదు కాని పాయింటర్‌ను స్టాకులో పెట్టుకుంటే కంపైలింగ్ దగ్గరే ఆపేసే ప్రత్యేక లింట్ రాసుకోవలసి వచ్చింది. అంటే రస్ట్ వాడినా ప్రశ్న అదే, జవాబూ అదే: ఒప్పందాన్ని కంపైలర్‌కు నేర్పాలి.

ఇంకో అభ్యంతరం జావా మొదటి రోజులనాటిది: పాయింటర్లను పూర్తిగా నిషేధిస్తే సరిపోదా? చరిత్ర చూస్తే, నిషేధించినప్పుడల్లా అవి దొడ్డిదారిన వచ్చాయి. జావా లైబ్రరీల లోపల అన్‌సేఫ్ అనే తరగతి ఉంది. బయటివాళ్ల కోసం ఉద్దేశించింది కాకపోయినా వేగం కోసం ఎన్నో ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్లు దాన్ని వాడుకున్నాయి, తప్పు అడ్రస్ ఇస్తే జేవీఎం మొత్తం కూలిపోతుందని తెలిసీ వాడుకున్నాయి. చివరికి 2024 మార్చిలో వచ్చిన జావా 22 రాజమార్గమే వేసింది. మెమరీ సెగ్మెంట్ అన్న వస్తువు ద్వారా జీసీ పరిధి బయటి మెమరీని చేరవచ్చు. హద్దు దాటితే అక్కడే ఆపుతుంది, అది చెందిన అరీనా, అంటే దాని ఆయుష్షు పరిధి, మూతపడ్డాక ముట్టుకుంటే ఎక్సెప్షన్ వస్తుంది. ఆ ఏడాదే జావా 23 అన్‌సేఫ్‌లోని మెమరీ మెథడ్‌లను తొలగింపు జాబితాలో పెట్టింది. ముప్పై ఏళ్ల ప్రయాణంలో జావా నేర్చుకున్నది, పాయింటర్‌కు గుర్తింపు ఇచ్చి కాగితాల మీదకు తేవడమే మేలని. సీ షార్ప్ ఈ విషయంలో ముందుంది. 2017 నాటి 7.2 వెర్షన్‌తో వచ్చిన స్పాన్ రకం మన నిమ్మ ఉదాహరణలోని 5019 లాంటి నడిమి పాయింటరే. దాన్ని స్టాకు మీద మాత్రమే ఉండనిస్తారు, ఏ వస్తువులోనూ దాచుకోనివ్వరు, దాని ఉనికిని కంపైలర్ జీసీకి చెబుతుంది, వస్తువు కదిలితే అదీ మారుతుంది. పూర్తి వేగం, పూర్తి భద్రత, ప్రోగ్రామర్ గుర్తుపెట్టుకోవలసిన నియమం ఒక్కటీ లేదు. నా దృష్టిలో ఈ రంగంలో ఇటీవల వచ్చిన అతి అందమైన పరిష్కారం ఇదే.

దాచడమే తప్పు అన్న మాటకు ఒక మినహాయింపు ఉంది, అది నా వాదనను బలపరిచేదే. జావాలోని జెడ్‌జీసీ స్వయంగా పాయింటర్లలోని కొన్ని బిట్లలో గుర్తులు దాస్తుంది. ఏ వస్తువు తరలింది, ఏది గుర్తించబడింది అన్నవి ఆ బిట్లు చెబుతాయి. పాయింటర్‌ను చదివిన ప్రతిసారీ కంపైలర్ చొప్పించిన చిన్న పరీక్ష దాన్ని సరిచేస్తుంది. అందువల్లే ప్రోగ్రామ్ నడుస్తుండగానే వస్తువులను కదపగలదు, జావా 16 నుంచి ఆగే సమయం ఒక మిల్లీసెకను లోపే. ఓకామెల్ 5.0, 2022 డిసెంబరులో, దీనికి తిరగేసిన పని చేసింది. తన హీప్ బయటి అడ్రస్‌లను ముసుగు లేకుండా విలువల్లో ఉంచడాన్ని నిషేధించింది. ఉంచాలంటే చివరి బిట్ మార్చి పూర్ణాంకంలా కనిపించేట్టు చేయాలి, లేదా ఒక వస్తువులో చుట్టాలి. తన మెమరీ పాయింటర్ తనకు కనిపించాలి, పరాయి మెమరీ పాయింటర్ కనిపించకూడదు. రెండు చోట్లా దాపరికం ఇరుపక్షాలకూ తెలిసి జరుగుతోంది.

కాలపరిమితి కఠినంగా ఉండే వ్యవస్థల మాట వేరు. గూడూరుకు దక్షిణంగా పులికాట్ తీరాన శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ల వంటి వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఒక మిల్లీసెకను ఆలస్యానికీ లెక్క చెప్పాలి. నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీకి చెందిన జెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో రాసిన పది నియమాల్లో ఒకటి, ప్రోగ్రామ్ సిద్ధమయ్యాక కొత్తగా మెమరీ కేటాయించనే కూడదని. అక్కడ జీసీతో పాటు మాలక్ కూడా నిషిద్ధమే, కాబట్టి ఈ చర్చ వాటికి అన్వయించదు. దీన్ని చూపి బ్యాంకు సర్వర్‌కో, మొబైల్ యాప్‌కో జీసీ పనికిరాదనడం మాత్రం కుదరదు.

మెమరీ అడ్రస్‌లకే కాదు, ఈ చిక్కు ఫైలు నంబర్లకూ ఉంది, ఇది చాలామంది దృష్టికి రాదు. గోలో ఒక ఫైలు వస్తువులోంచి ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన నంబరు తీసుకుని, నేరుగా రీడ్ కాల్‌కు ఇచ్చామనుకోండి. నంబరు తీసుకున్న క్షణం నుంచి ఆ వస్తువుతో ప్రోగ్రామ్‌కు పని లేదు. జీసీ దాన్ని ఏరేస్తే, దాంతోపాటే ఫైలూ మూతపడుతుంది. ఇంతలో మరో గోరొటీన్ కొత్త ఫైలు తెరిస్తే అదే నంబరు దానికి దక్కవచ్చు. అప్పుడు రీడ్ కాల్ ఇంకెవరి ఫైలునో చదువుతుంది. క్రాష్ లేదు, హెచ్చరిక లేదు, డేటా మాత్రం తప్పు. దీనికోసం గో 1.7లో కీప్‌అలైవ్, 2017లో జావా 9లో రీచబిలిటీ ఫెన్స్ వచ్చాయి. రెండూ ఇక్కడిదాకా ఈ వస్తువు బతికుండాలని కంపైలర్‌కు చెప్పే మార్గాలే. కానీ వాటిని ఎక్కడ పెట్టాలో ప్రోగ్రామరే తేల్చుకోవాలి గనుక ఇది సగం పరిష్కారమే.

సరిహద్దు దాటి సీలోకి వెళ్లిన పాయింటర్ల దగ్గర ఇంకా తేలని భాగం ఉంది. 2016లో గో 1.6 స్పష్టమైన నియమాలు పెట్టింది: కాల్ ముగిశాక సీ కోడ్ గో పాయింటర్‌ను దాచుకోకూడదు, ఇచ్చిన మెమరీలో మరో గో పాయింటర్ ఉండకూడదు. వీటిలో కొన్నిటిని నడుస్తుండగా తనిఖీ చేసి, తప్పితే ప్రోగ్రామ్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. 1.14 నుంచి రేస్ ఫ్లాగ్‌తో కంపైల్ చేస్తే అన్‌సేఫ్ పాయింటర్ల లెక్కలనూ పరీక్షిస్తుంది. జావాకు ఎక్స్‌చెక్ జేఎన్ఐ ఫ్లాగ్ ఉంది. రెండో ఏడాది జావా ల్యాబ్‌లో ఒక్క పీరియడ్ కేటాయించి, మొదటి ఏడాది రాసిన సీ ఫంక్షన్‌నే జేఎన్ఐ ద్వారా పిలిపించి, ఈ ఫ్లాగ్ పెట్టి నడిపిస్తే విద్యార్థులకు రెండు పాఠాల మధ్య గోడ ఎక్కడుందో, దానికి తలుపు ఎక్కడుందో కళ్లకు కడుతుంది. కొత్త పుస్తకం అక్కర్లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు.

ఈ తనిఖీలు సీ తన దగ్గర ఏం దాచుకుందో మాత్రం చూడలేవు. అక్కడ మిగిలేది పిన్ చేయడం: ఈ వస్తువును కదపవద్దు, ఏరవద్దు అని జీసీకి ముందే చెప్పడం. సీ షార్ప్‌లో ఫిక్స్‌డ్ బ్లాకు ఈ పనిని ఒక పరిధికి కట్టేసింది. బ్లాకు ముగిస్తే పిన్ దానంతట అదే ఊడుతుంది. పరిధికి లొంగని పనులకు అదే భాషలో జీసీహ్యాండిల్, 2023లో వచ్చిన గో 1.21లో పిన్నర్ ఉన్నాయి. వీటిని ఎప్పుడు విప్పాలో చెప్పవలసింది మళ్లీ ప్రోగ్రామరే. విప్పడం మరిస్తే లీకు, ముందే విప్పితే చెడిన మెమరీ. మాలక్, ఫ్రీలతో వదిలించుకున్నామనుకున్న రెండు జబ్బులూ ఇక్కడ తిరిగి వస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక బఫర్ ఇచ్చి, డేటా నింపడం ఎప్పుడు పూర్తవుతుందో తెలియకుండా వేరే పనిలోకి వెళ్లే అసింక్రనస్ ప్రోగ్రాముల్లో ఇది ప్రతిరోజూ ఎదురవుతోంది. ఎందుకంటే పని మొదలైన ఫంక్షన్ ఎప్పుడో ముగిసిపోతుంది, బఫర్ మాత్రం కర్నెల్ చేతిలోనే ఉంటుంది. అలాంటి పిన్ ఆయుష్షును కంపైలింగ్ సమయంలోనే నిర్ధారించే ఏర్పాటు జీసీతో నడిచే ప్రధాన భాషల్లో ఇంకా లేదు. దాన్ని కట్టడమే ఈ రంగంలో ఇప్పుడు మిగిలిన పని.